ఆరో నెల దాటిన బిడ్డకు ఏది మేలు: ఇంటి ఉగ్గా, బాలామృతమా, డబ్బా పొడా?

ఆరో నెల నిండబోతోందనగానే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. అమ్మమ్మ ఉగ్గు కొట్టించి పంపుతానంటుంది. నాయనమ్మ రాగిజావే బలం అంటుంది. అంగన్‌వాడీ టీచర్ బాలామృతం ప్యాకెట్ చేతిలో పెడుతుంది. మెడికల్ షాపులో అడిగితే సెరిలాక్ డబ్బా తీసి కౌంటర్ మీద పెడతారు. రాత్రి ఫోన్ తెరిస్తే మొలకెత్తిన రాగిపిండి, పదహారు రకాల గింజల పొడి అంటూ వరసగా వీడియోలు. పాపం, కొత్త తల్లికి టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

ఇందులో ఏదీ విషం కాదు, ఏదీ అమృతమూ కాదు (పేరులో అమృతం ఉన్నా సరే). ఏది ఎంచుకున్నా బిడ్డ నోట్లోకి వెళ్ళేటప్పుడు అది ఎంత చిక్కగా ఉంది, అందులో ఐరన్ ఎంత ఉంది అన్న రెండు విషయాలే ఎక్కువ తేడా తెస్తాయి. పొడి పేరు, డబ్బా ధర ఆ తరవాతి మాట.

ముందు చిక్కదనం లెక్క

తల్లిపాలు తాగుతున్న బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పాలు కాకుండా బయటి తిండి నుంచి రోజుకు సుమారు 200 కేలరీలు కావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300, ఏడాది నుంచి రెండేళ్ళ దాకా 550. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంకెలు. 200 అంటే చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ బిడ్డ పొట్ట ఎంత ఉంటుందో చూడండి. కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. అంటే ఏడు కిలోల బిడ్డకు ఒక పూట పట్టేది 200 మిల్లీలీటర్లకు కాస్త పైన, మంచినీళ్ళ గ్లాసుడు కూడా నిండా కాదు.

ఇప్పుడు మన ఇళ్ళలో కాచే రాగిజావ తీసుకుందాం. పిండి ఒక పెద్ద చెంచా, అంటే పది గ్రాములు. నీళ్ళు ఒక గ్లాసు. ఉండకట్టకుండా కలిపి కాస్తే పల్చగా, గుటగుటా తాగేలా వస్తుంది. బిడ్డ మొత్తం తాగేస్తుంది, పొట్ట నిండుతుంది, అమ్మకు తృప్తి. అందులో ఉన్నది మాత్రం ముప్పై రెండు, ముప్పై మూడు కేలరీలు. రోజుకు మూడుసార్లు తాగించినా వంద దాటదు. పొట్ట నిండిపోయింది కాబట్టి బిడ్డ తల్లిపాలు కూడా తగ్గించేస్తుంది. "మా పాప బాగానే తింటుంది, అయినా బరువు పెరగట్లేదు" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ పల్చటి జావే.

అదే ఇరవై గ్రాముల బియ్యం, పది గ్రాముల పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో మెదిపి, ఒక చిన్న చెంచా నెయ్యి వేస్తే 150 కేలరీల దాకా వస్తాయి. అది చిన్న గిన్నెడు కూడా ఉండదు. జావలో సగం పరిమాణం, నాలుగింతల పైనే శక్తి. నెయ్యి చెంచా ఒక్కటే 40 కేలరీల పైన ఇస్తుంది. నెయ్యి వద్దనుకుంటే నువ్వులనూనె, వేరుశనగనూనె ఏదైనా పరవాలేదు.

పప్పుకట్టు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఉడికిన పప్పు మీద తేట వంచి అన్నంలో కలిపి పెట్టడం మనకు తరతరాల అలవాటు. "గట్టి పప్పు అరగదు" అంటారు. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెదిపిన పప్పు అరుగుతుంది. తేట వంచినప్పుడు నీళ్ళు బిడ్డకు, ప్రొటీన్ గిన్నె అడుగుకు పోతున్నాయి. మటన్ బొక్కల సూప్ కూడా అంతే. సూప్ పెద్దవాళ్ళు తాగి, మెత్తగా ఉడికిన మాంసం నూరి బిడ్డకు పెడితే లాభం.

చిక్కదనం చూడటానికి తూకాలు అక్కర్లేదు. చెంచాతో తీసి పక్కకు వంచండి. గబుక్కున జారి కారిపోతే పల్చన. కాసేపు చెంచాను పట్టుకుని ఉండి మెల్లగా జారితే సరిపోయింది.

ఇంటి ఉగ్గు, రాగిజావ

ఉగ్గు పొడి మంచిదే. మూడు పాళ్ళు బియ్యం, ఒక పాలు పెసరపప్పు విడివిడిగా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక మిక్సీ పట్టి జల్లించుకుంటే చాలు. ధాన్యంలో తక్కువైన అమినో ఆమ్లం (ప్రొటీన్‌లోని భాగం) పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది ధాన్యంలో ఉంటుంది. మన పప్పన్నం, ఇడ్లీ, పులగం అన్నీ ఈ జత మీదే నిలబడ్డాయి.

ఆ పదహారు రకాల పొడి గురించి నాకు అంత మంచి అభిప్రాయం లేదు. బాదం, జీడిపప్పు, పిస్తా, ఓట్స్, సజ్జ, జొన్న, ఉలవలు అన్నీ ఒకే డబ్బాలో వేస్తే, బిడ్డ ఒంటి మీద దద్దుర్లు వచ్చిన రోజు ఏది పడలేదో ఎలా తెలుస్తుంది? కొత్త వస్తువు ఒక్కోటీ మొదలుపెట్టి రెండు మూడు రోజులు చూడటం మేలు. పైగా గింజల్లో నూనె ఉంటుంది కాబట్టి పొడి త్వరగా కనరు వాసన వస్తుంది. నెలలకు సరిపడా కొట్టించి పంపే అమ్మమ్మలకు కోపం రాకుండా చెప్పాలి: రెండు వారాలకు సరిపడా చేసుకోవడం మంచిది, మన ఎండాకాలంలో మరీ.

రాగి సంగతికొస్తే, కాల్షియంలో దానికి సాటి వచ్చే ధాన్యం లేదు. వంద గ్రాముల్లో 360 మిల్లీగ్రాములకు పైనే. ఐరన్ కోసం మాత్రం రాగినే నమ్ముకోకండి. వంద గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాముల చిల్లర ఉంటుంది, బిడ్డ తినేది రోజుకు ఇరవై గ్రాములు. అందులోనూ ఫైటేట్లు (గింజల్లో ఉండే, ఐరన్‌ను పట్టనివ్వని పదార్థాలు) అడ్డుపడటం వల్ల ఒంటికి పట్టేది ఇంకా తక్కువ.

మొలకెత్తించిన రాగిపిండికి ఇంత పేరు రావడానికి కారణం ఉంది. మొలకెత్తితే ఫైటేట్లు తగ్గుతాయి. అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటి: మొలకల్లో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది, అది పిండి జిగటను విరగ్గొడుతుంది. ఒకసారి చేసి చూడండి. రాగులు రాత్రంతా నానబెట్టి, తడిబట్టలో మూటగట్టి, తెల్లగా మొలకలు వచ్చాక ఆరబెట్టి, మాడకుండా సన్నసెగ మీద కొద్దిగా వేడిచేసి పిండి పట్టుకోండి. ఎక్కువ వేయిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. మామూలు పిండితో సంకటికి దగ్గరగా, చెంచా నిలబడేంత చిక్కటి జావ కాచి, దించి, కొద్దిగా చల్లారాక ఈ మొలకల పిండి అర చెంచా వేసి కలపండి. కాసేపటికి కళ్ళముందే ఆ ముద్ద వదులై, మెత్తగా జారుతుంది. నీళ్ళు ఒక్క చుక్క కలపలేదు. అంటే చిన్న బిడ్డ మింగగలిగేంత పల్చగా ఉంటుంది, శక్తి మాత్రం చిక్కటి జావదే. మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా పెట్టండి. ఆన్‌లైన్‌లో ఎక్కువ డబ్బు పెట్టి మొలకల పిండి కొని, దాన్నే గ్లాసుడు నీళ్ళలో ఒక చెంచా వేసి కాస్తే ఈ లాభమంతా నీళ్ళపాలే.

బాలామృతం

అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తారు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర, పైన విటమిన్లు, ఖనిజాలు. వంద గ్రాములకు 400 పైన కేలరీలు, 11 గ్రాముల ప్రొటీన్. ఉచితం. చిక్కదనం పరీక్షలో ఇది రాగిజావను చిత్తుగా ఓడిస్తుంది, ఎందుకంటే నూనె, పాలపొడి ముందే కలిసి ఉంటాయి. "గవర్నమెంటు పొడి" అని పక్కన పడేసి, ప్యాకెట్ మీద బేబీ బొమ్మ ఉందని ఏవో పొడులు కొనేవాళ్ళను చూస్తే బాధగా ఉంటుంది.

దీనికీ లోటు లేకపోలేదు. చక్కెర ఎక్కువ, తియ్యగా ఉంటుంది. రెండేళ్ళ లోపు పిల్లలకు చక్కెర కలపొద్దని వైద్యుల మాట. తీపికి అలవాటు పడిన నోటికి పప్పన్నం చప్పగా అనిపిస్తుంది. ఇంకోటి, రోజుకు వంద గ్రాముల లెక్కన ఇస్తారు కాబట్టి ఏడు నెలల బిడ్డకు మొత్తం వంద గ్రాములూ పెట్టేయాలనుకుంటారు. ఆ వయసుకు బయటి తిండి నుంచి కావలసిందే 200 కేలరీలు, అది యాభై గ్రాముల్లోనే వచ్చేస్తుంది. అంతా దీంతోనే నింపితే గుడ్డుకు, ఆకుకూరకు, పండుకు చోటేది? రోజుకు ఒక పూట, పాతిక ముప్పై గ్రాములు, కాచి కాస్త చల్లార్చిన నీళ్ళలో చిక్కగా కలిపి పెట్టండి. మిగతా పూటలు ఇంటి తిండి. ఏడాది దాటాక కొంచెం పెంచుకోవచ్చు. తెచ్చిన ప్యాకెట్‌ను ఉండలు చేసి ఇంట్లో పెద్దపిల్లలంతా తినేయడం మామూలే, దాంతో అసలు బిడ్డకు నాలుగు రోజులు కూడా రాదు. బిడ్డ వాటా ముందే వేరే డబ్బాలో తీసి పెట్టుకోవడం ఒక్కటే దారి.

బాలామృతంతో పాటు గుడ్లు కూడా వస్తాయి. నన్నడిగితే ఆ సంచిలో అన్నిటికన్నా విలువైనది గుడ్డే. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, 70 కేలరీలు. ఏడాది దాకా గుడ్డు పెట్టకూడదన్నది పాత మాట. ఆరు నెలలు నిండాక బాగా ఉడికించి, పచ్చసొన, తెల్లసొన రెండూ కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చు. ఆలస్యం చేస్తే అలర్జీ తగ్గుతుందన్నది నిజం కాదని ఇప్పుడు తేలింది.

డబ్బా పొడి

సెరిలాక్ లాంటివాటిని తిట్టడం ఫ్యాషన్, కొనడం అలవాటు. ఒక విషయంలో మాత్రం ఇంటి ఉగ్గు వీటికి సరితూగదు: ఐరన్. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఐరన్ ఆరో నెలకు అడుగంటుతుంది, తల్లిపాలలో అది చాలా తక్కువ. డబ్బా పొడుల్లో ఐరన్ విడిగా కలుపుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం అని తేలింది. పది మందిలో ఆరేడుగురు! పాలిపోయిన కళ్ళు, మందకొడితనం, మట్టి తినడం మనకు కొత్త కాదు. అందుకే కోడి కాలేయం, మాంసం, చేప తినే ఇళ్ళు వాటిని ఎనిమిదో నెల, తొమ్మిదో నెల అంటూ వాయిదా వేయకుండా మెత్తగా నూరి మొదలుపెట్టడం మేలు. శాకాహారులైతే పప్పు, ఆకుకూరతో పాటు నిమ్మరసం చుక్కో, టమాటానో, జామపండు గుజ్జో అదే పూటలో ఉండాలి, అప్పుడు ఐరన్ బాగా పడుతుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. మలం నల్లగా వస్తోందని మధ్యలో ఆపేయకండి, అది మామూలే. డాక్టర్ ఇప్పటికే ఐరన్ చుక్కలు రాసి ఉంటే రెండూ కలిపి వేయకుండా ఆయన్ని అడగండి.

ఇక డబ్బా లోటు. 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విట్జర్లాండ్ సంస్థ, మన దేశంలో అమ్మే సెరిలాక్‌లో ఒక్కో పూటకు సగటున 2.7 గ్రాముల చక్కెర కలుపుతున్నారని, యూరప్‌లో అదే కంపెనీ కలపడం లేదని బయటపెట్టింది. పెద్ద గొడవైంది. తరవాత చక్కెర కలపని రకాలు కూడా మార్కెట్లోకి వచ్చాయి. కాబట్టి కొనాలనుకుంటే డబ్బా ముందువైపు బొమ్మలు వదిలేసి, వెనకవైపు పదార్థాల జాబితా చదవండి. సుక్రోజ్ (అంటే చక్కెరే), మాల్టోడెక్స్‌ట్రిన్ (త్వరగా చక్కెరగా మారే పిండిపదార్థం) అన్న పేర్లు మొదటి మూడు నాలుగు స్థానాల్లో ఉంటే పక్కన పెట్టేయండి. రెండేళ్ళ లోపు పిల్లల ఆహారానికి మన దేశంలో ప్రకటన ఇవ్వడమే నేరం, 1992 నాటి చట్టం అది. రీల్స్‌లో డబ్బా చేతపట్టుకుని "మా బాబుకు ఇదే" అనే అక్కలు చట్టం అంచు మీద నడుస్తున్నారని గుర్తుపెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో దొరికే "హోమ్‌మేడ్" పొడులు ఈ రెంటికీ మధ్యలో చిక్కుకున్నాయి. చాలావాటిలో ఐరన్ విడిగా కలపరు, కాబట్టి డబ్బా లాభం లేదు. ఎప్పుడు కొట్టారో తెలియదు, కాబట్టి ఇంటి తాజాదనమూ లేదు. ధర మాత్రం రెంటికన్నా ఎక్కువ. తయారీ తేదీ, ఫుడ్ లైసెన్సు నంబరు లేకపోతే అసలు వద్దు.

అయితే ఎవరికి ఏది?

ఇంట్లో వండేవాళ్ళు ఉండి, అంగన్‌వాడీ అందుబాటులో ఉంటే వేరే ఏమీ కొనక్కర్లేదు. రెండు పూటలు మెదిపిన పప్పన్నం, ఆకుకూరో కూరగాయో కలిపి. ఒక పూట బాలామృతం. గుడ్డు. మధ్యలో అరటిపండు, బొప్పాయి, చిక్కటి పెరుగు.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో పొద్దున వండి ఫ్లాస్కులో పెట్టి సాయంత్రం దాకా క్రెష్‌లో తినిపించడం కన్నా, చక్కెర కలపని డబ్బా పొడి అప్పటికప్పుడు కలపడం సురక్షితం. గోరువెచ్చగా గంటలు గంటలు నిలవున్న తిండిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ఇందులో గిల్టీగా ఫీలవ్వాల్సిందేమీ లేదు. పొద్దున, రాత్రి పూటలు ఇంటి తిండి ఉంటే చాలు. ప్రయాణాల్లోనూ ఇదే పద్ధతి.

బరువు తక్కువ పుట్టిన బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే పై లెక్కలేవీ నేరుగా వర్తించవు. ఐరన్, విటమిన్ డి మోతాదులు పిల్లల డాక్టరే చెప్పాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. అక్కడ బేబీ రైస్ సీరియల్‌లో ఆర్సెనిక్ అనే విషపదార్థం గురించి ఆందోళన ఉంది. 2020లో అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి 100 పీపీబీ (వంద కోట్ల పాళ్ళలో వంద పాళ్ళు) పరిమితి పెట్టింది. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న ఉగ్గు కూడా బియ్యమే కదా. రోజూ మూడు పూటలూ బియ్యమే కాకుండా ఓట్స్, రాగి, పప్పు మార్చి మార్చి పెట్టండి.

పాలసీసాలో జావ పోసి తాగించడం ఏ ఇంట్లోనైనా మానేయాల్సిందే. చిక్కగా ఉంటే రంధ్రంలోంచి రాదు, వచ్చేలా చేస్తే పల్చనవుతుంది. గిన్నె, చెంచా, కడిగిన చేతివేళ్ళు చాలు.

పాలు, తేనె, ఉప్పు

ఏడాది లోపు ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులుగా వద్దు. వంటలో కొద్దిగా పడితే పరవాలేదు. ఏడాది దాటాక రోజుకు రెండు చిన్న గ్లాసులు, 400 నుంచి 500 మిల్లీలీటర్ల లోపు. అంతకు మించితే పొట్ట పాలతోనే నిండి, ఐరన్ లేక బిడ్డ పాలిపోతుంది. "లీటరు పాలు తాగుతాడు మావాడు" అని గొప్పగా చెప్పుకునే ఇళ్ళలో రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది సంగతి. తేనె ఏడాది లోపు నాలుక మీద కూడా రాయకండి, బాట్యులిజం అనే, కండరాలను చచ్చుబడేసే జబ్బు ప్రమాదం ఉంది. ఉప్పు ఏడాది దాకా, చక్కెర, పటికబెల్లం, తాటిబెల్లం రెండేళ్ళ దాకా అక్కర్లేదు. బెల్లం ఆరోగ్యమని పెద్దవాళ్ళం మనం నమ్మినా బిడ్డ పళ్ళకు, నోటి రుచికి అదీ తీపే. టీలో బిస్కెట్ ముంచి పెట్టడం ఎంత ముద్దుగా ఉన్నా మానండి. టీ ఐరన్‌ను పట్టనివ్వదు, బిస్కెట్ మైదా, చక్కెర. గింజలు, పల్లీలు పొడి చేయకుండా, ద్రాక్ష చిన్న ముక్కలు చేయకుండా ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి.

పెట్టింది పడుతోందో లేదో ఎలా చూడాలి

పక్కింటి బిడ్డతో పోల్చకండి. ఆరు నెలల మగబిడ్డ మధ్యస్థ బరువు 7.9 కిలోలు, ఏడాదికి 9.6. ఆడబిడ్డకు 7.3, 8.9. అంటే ఆరు నెలల్లో పెరిగేది కిలోన్నర నుంచి ఒకటీ ముప్పావు కిలో. మొదటి ఆరు నెలల్లో పెరిగిన దాంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఆ మార్పు చూసి "ఉగ్గు పడలేదు, పొడి మార్చాలి" అని డబ్బాలు మార్చేవాళ్ళే ఎక్కువ. నెలనెలా అంగన్‌వాడీలో తూయించి, తల్లీబిడ్డల రక్షణ కార్డులో చుక్క పెట్టించండి. చుక్కలు కలిపితే వచ్చే గీత తన దారిన తాను పైకి పోతుంటే, మధ్య గీతకు కింద ఉన్నా కంగారు లేదు. రెండు నెలలు వరసగా అడ్డంగా సాగినా, కిందకు వంగినా అప్పుడు పొడి బ్రాండు మార్చడం కాదు, గిన్నెలోని చిక్కదనం, పూటల సంఖ్య, బిడ్డకు విరేచనాలు, దగ్గు ఏమైనా ఉన్నాయా అన్నవి చూడాలి. తొమ్మిది నెలలు దాటితే మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి పడాలి.

టీచర్ దగ్గర జబ్బ చుట్టూ కట్టి కొలిచే రంగుల టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డకు అది 12.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ చూపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. 11.5 కన్నా తక్కువైతే అది తీవ్ర పోషకాహార లోపం. ఇంట్లో ఏ ఉగ్గుతోనూ సరిచేసే స్థితి కాదు, ప్రత్యేక చికిత్స కావాలి. రెండు పాదాలూ ఉబ్బి, బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంటే టేపు ఏం చెప్పినా సరే, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.